పుట్టిలో నెల సరుకు

సెలవులకు దీవికి వెళ్లేవాళ్లు బండి నిండా సామాన్లు కొంటారు. దీవిలో పుట్టి పెరిగినవాళ్లూ కొంటారు. రెండు బిల్లుల్లోనూ కనిపించని పద్దు ఒకటుంది: నీళ్లు దాటించే ఖర్చు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల కృష్ణా తీరంలో ఆ పద్దు ఎవరి మీద పడుతోంది?

జూరాల గేట్లు ఎత్తుతున్నారన్న కబురు అందగానే గుర్రంగడ్డలో ముందు కదిలేది వంటిల్లు. డబ్బాల మూతలు తీసి చూస్తారు. బియ్యం ఎన్ని రోజులకు వస్తాయి, మంచినూనె ఎంత మిగిలింది, సిలిండర్ మార్చి ఎన్నాళ్లయింది, పెద్దాయన బీపీ గోళీలు ఇంకా ఎన్ని ఉన్నాయి, చంటిదానికి పాలపొడి ఉందా? ఈ లెక్క తేలాకే ఒడ్డుకు ఎవరు పోవాలి, ఎన్ని సంచులు పట్టుకుపోవాలి అన్నది తేలుతుంది. పోయినవాళ్లు పొద్దుగూకక ముందే తిరిగి రావాలి. రేపటికి వాయిదా వేస్తే రేపు పడవ కదులుతుందన్న భరోసా ఉండదు.

గుర్రంగడ్డ జోగులాంబ గద్వాల జిల్లాలో కృష్ణా నది నడుమ ఉన్న ఊరు. జూరాల ప్రాజెక్టుకు దిగువన నది రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసే చోట ఈ గడ్డ తేలి ఉంది. ఒక పాయకు అవతల గద్వాల జిల్లా, రెండో పాయకు అవతల వనపర్తి జిల్లా. ఊళ్లో ఇళ్లున్నాయి, బడి ఉంది, గుడి ఉంది, పచ్చని వరి మళ్లున్నాయి. పంచాయతీ ఎన్నికలొస్తే పోలింగ్ సిబ్బంది, పెట్టెలు కూడా పడవ ఎక్కాల్సిందే. ఎండాకాలం పాయ సన్నబడి, బండరాళ్లు పైకి తేలి, కొంత దూరం కాలినడకన సాగినా సాగుతుంది. వానాకాలం మాత్రం మహారాష్ట్రలో కురిసిన వాన ఆల్మట్టి, నారాయణపూర్ దాటి జూరాలకు చేరితే చాలు, గుర్రంగడ్డకు దారి మూసుకుపోతుంది. ఇక్కడ ఆకాశంలో ఒక్క మబ్బు లేకపోయినా సరే.

హైదరాబాద్‌లో నెల సరుకు కొనడానికి పెద్ద దుకాణానికి వెళ్లేవాడు చేసే లెక్క ధర గురించి. అయిదు కిలోలు కొంటే కిలోకు ఎంత కలిసొస్తుంది, రెండు కొంటే ఒకటి ఉచితమా అని చూసుకుంటాడు. గడ్డ మీద ఉండేవాడు చేసే లెక్క రోజుల గురించి. ఇప్పుడు కొన్నది ఎన్ని రోజులు ఆగాలి? ఎంత బరువైతే ఒక్క విడతలో దాటుతుంది? ధర ఆ తర్వాతి మాట.

బరువు సంగతి

పుట్టిని దగ్గర నుంచి చూడనివాళ్లకు అది పెద్ద గంపలా కనిపిస్తుంది. వెదురు బద్దలను గుండ్రంగా అల్లి, అడుగున ఒకప్పుడు తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టాలు, సంచులు తొడిగి, నీరు చొరకుండా తారు పూస్తారు. ముందూ వెనకా ఉండవు కనుక దాన్ని తిన్నగా నడపడమే ఒక విద్య. తెడ్డు వేసేవాడు అంచు దగ్గర కూర్చుని నీటిని తనవైపు లాక్కుంటూ పోతాడు. లాగడం ఒక పక్కకు ఎక్కువైతే పుట్టి తిరగడం మొదలుపెడుతుంది. ప్రవాహం కిందికి ఈడ్చేస్తుంది కాబట్టి అవతలి రేవుకు ఎదురుగా బయలుదేరితే లాభం లేదు. ఒడ్డు వెంబడి పుట్టిని ఎగువకు మోసుకునో ఈడ్చుకునో పోయి, అక్కడి నుంచి నీళ్లలో వదిలితే ఏటవాలుగా సాగి రేవు చేరుతుంది.

సామాను ఎక్కించడంలోనూ పద్ధతి ఉంది. బియ్యం బస్తా, ఎరువు బస్తా నడుమ పెడతారు. సిలిండర్‌ను పడుకోబెట్టి బస్తాకు ఆనిస్తారు, లేకపోతే పుట్టి ఊగినప్పుడల్లా దొర్లుతుంది. గుడ్ల అట్ట, పాలపొడి, గోళీల కవరు ఎవరో ఒకరి ఒళ్లోకి చేరతాయి. మనుషులు చుట్టూ అంచు వారగా కాళ్లు ముడుచుకుని కూర్చుంటారు. మధ్యలో ఎవరూ లేవకూడదు. అవతలి ఒడ్డున చేయి ఊపే బంధువు కోసం ఒకరు లేచి నిలబడినా పుట్టి ఒక పక్కకు ఒరుగుతుంది.

ఇప్పుడు బరువులు వేసుకుందాం. ఇంటి గ్యాస్ సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది, ఇనుముతో కలిపి దాదాపు 30 కిలోలు. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ 50 కిలోలు. నలుగురున్న ఇంటికి నెలకు బియ్యం, పప్పు, నూనె, ఉల్లిగడ్డ, చింతపండు, బెల్లం, సబ్బులు అన్నీ కలిపితే తేలిగ్గా మరో అర క్వింటాలు. గద్వాలలో ఉండేవాడు ఇదంతా ఆటోలో వేసి గుమ్మం ముందు దించుకుంటాడు. గుర్రంగడ్డవాసి ఆటో దిగాక రేవుదాకా మోస్తాడు, పడవలోకి ఎక్కిస్తాడు, అవతల దించుతాడు, మళ్లీ ఇంటిదాకా మోస్తాడు. సరుకు నాలుగు చేతులు మారినట్టు కనిపిస్తుంది, కానీ మోసే చేతులు అవే రెండు. పంట చేతికొచ్చాక ఇదే ప్రయాణం వెనక్కి మొదలవుతుంది. వడ్ల బస్తాలు నది దాటితేనే అమ్మకం. అంటే ఈ ఊరి రైతు నది దాటే ఖర్చును వచ్చేటప్పుడు ఒకసారి, పోయేటప్పుడు ఒకసారి కడుతున్నాడు. కొనేదానికీ ఆయనే, అమ్మేదానికీ ఆయనే.

వనపర్తి జిల్లా వైపు జాతీయ రహదారి మీద పెబ్బేరు ఉంది. శనివారం సంత అక్కడ. గొర్రెలు, మేకలు, ఎడ్ల బేరాలకు పేరుపొందిన ఆ సంతకు నదికి ఇరువైపుల జనం వస్తారు. సంతకు వెళ్లిన మనిషి ఊరికే చేతులూపుకుంటూ తిరిగి రావడం ఈ ప్రాంతంలో ఎవరూ చూసి ఉండరు. కూరగాయల నుంచి పలుగు, పార వరకు వారానికి సరిపడా అక్కడే సర్దుకుంటారు. పెద్ద దుకాణాలు రాకముందు మన పల్లెలకు గిడ్డంగి, బజారు, బేరం, పలకరింపు అన్నీ సంతే. గడ్డ మీది వాళ్లకు మాత్రం సంత ముగిసే వేళ కన్నా పడవ ఆగే వేళ ముఖ్యం.

విమానం దిగగానే తొలి మజిలీ

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు సెలవులకు హవాయి దీవులకు వెళ్లడం మామూలైంది. మౌయి దీవిలో కహులూయి విమానాశ్రయంలో దిగి, అద్దె కారు తీసుకుని, సముద్రం వైపు వెళ్లే ముందు చాలామంది ఆగే చోటు ఒకటుంది. విమానాశ్రయం పక్కనే ఉన్న కాస్ట్‌కో గిడ్డంగి దుకాణం. బియ్యం, పెరుగు, గుడ్లు, ఉల్లిగడ్డలు, రొట్టెలు, పండ్లు, నీళ్ల సీసాల కట్ట, ఎండ తగలకుండా రాసుకునే క్రీము. వంటగది ఉన్న అద్దె ఇంట్లో దిగుతారు కనుక వారానికి సరిపడా ఒకేసారి కొనేస్తారు. పచ్చడి సీసా, కారప్పొడి ఎలాగూ ఇంటి నుంచే పెట్టెలో వచ్చి ఉంటాయి.

ఈ తరహా దుకాణం కథ 1976లో కాలిఫోర్నియాలోని శాండియాగోలో, ఒకప్పుడు విమానాలు నిలిపిన హ్యాంగర్‌లో మొదలైంది. దాని పేరు ప్రైస్ క్లబ్. 1983లో సియాటిల్‌లో కాస్ట్‌కో తొలి దుకాణం తెరిచింది. 1993లో రెండూ కలిసిపోయాయి. పద్ధతి సులువుగానే అర్థమవుతుంది. సభ్యత్వం కట్టినవాళ్లకే ప్రవేశం, రకాలు తక్కువ, పరిమాణం ఎక్కువ, సరుకు వచ్చిన చెక్క పలకల మీదే అమ్మకం. మన దగ్గర ముంబైలో 2002లో మొదలైన డీమార్ట్‌కు సభ్యత్వం అక్కర్లేదు, కానీ ఎక్కువ కొంటే తక్కువ పడుతుందన్న ఆశ అక్కడా ఇక్కడా ఒకటే.

నన్ను ఆలోచనలో పడేసింది ధర కాదు. హవాయి తినే తిండిలో 85 నుంచి 90 శాతం బయటి నుంచే వస్తుందని అక్కడి అంచనా. కాలిఫోర్నియా తీరం నుంచి దాదాపు 4 వేల కిలోమీటర్ల సముద్రం. పైగా 1920 నాటి జోన్స్ చట్టం ప్రకారం అమెరికా రేవుల మధ్య సరుకు మోసే ఓడ అమెరికాలో కట్టినదై, అమెరికన్లదై, అమెరికన్ సిబ్బందితో నడవాలి. ఆ ఓడ ఖర్చంతా పాల సీసా మీదా రొట్టె మీదా పడుతుంది. అందుకే అక్కడ సందు చివరి దుకాణంలో పాల ధర చూసి సెలవులకు వచ్చినవాళ్లు ఉలిక్కిపడతారు, గిడ్డంగి దుకాణానికి పరుగు తీస్తారు. వారం తిరిగాక వాళ్లు వెళ్లిపోతారు. ఆ దీవిలోనే పుట్టి, అక్కడి హోటళ్లలో పక్కలు సర్దే మనిషి మాత్రం ఏడాది పొడవునా ఓడ ఖర్చు కడుతూనే ఉంటాడు.

సముద్రం దారి మూసుకుపోతే ఏమవుతుందో ఆ దీవులకు అనుభవమే. 1971లో అమెరికా పడమటి తీరపు రేవుల్లో నెలల తరబడి సాగిన సమ్మెకు హవాయి అంగళ్లలో అరలు ఖాళీ అయ్యాయి. తుపాను హెచ్చరిక వచ్చినా, ఓడల సమ్మె మాట వినబడినా అక్కడి జనం ముందు కొని పెట్టుకునే వాటిలో బియ్యం ఒకటి. 2023 ఆగస్టులో మౌయి దీవిలోని లహైనా పట్టణం మంటల్లో కాలిపోయినప్పుడు రోడ్లు మూసుకుపోయాయి. పక్క దీవుల నుంచి, దీవి అవతలి వైపు నుంచి జనం సొంత పడవల్లో నీళ్లు, తిండి, మందులు నింపుకుని తీరానికి చేర్చారు. అమెరికా అంతటి దేశంలోనూ ఆ నాలుగు రోజులు బియ్యం బస్తా చేతులు మారుతూ పడవ దిగింది. గుర్రంగడ్డ రేవులో కనిపించే దృశ్యమే అది.

మన తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి దీవులు అండమాన్‌లు. శ్రీకాకుళం తీరం నుంచి వెళ్లి చేపలవేట మీద బతుకుతున్న కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. చెన్నై, విశాఖ, కోల్‌కతా ఓడలు వస్తేనే వాళ్ల పొయ్యి సాఫీగా వెలుగుతుంది. వాళ్లది వేరే కథ, మరో వారం చెప్పుకోవాల్సినంత పెద్దది.

కిరాణా సామాను కోసం

గద్వాలకు ఎగువన, జూరాల జలాశయం పైభాగాన, నదిలో కురువపురం ఉంది. పిఠాపురంలో పుట్టిన శ్రీపాద శ్రీవల్లభులు తపస్సు చేసిన చోటుగా దత్త భక్తులకు అది మహాక్షేత్రం. ద్వీపం కర్ణాటకలోని రాయచూరు జిల్లాది. మన వైపు రేవు నారాయణపేట జిల్లా మక్తల్ మండలంలోని పంచదేవ్‌పహాడ్. పాత పాలమూరు జిల్లా వాళ్లందరికీ ఎరిగిన దారి అది. సెలవు రోజుల్లో భక్తులు పుట్టిలోనో మరబోటులోనో దాటి, దర్శనం చేసుకుని, చెట్ల కింద భోజనం చేసి వస్తారు.

అక్కడి నది గడ్డల మీద కాపురముండేవాళ్లకు పంచదేవ్‌పహాడ్ ఒడ్డు అంటే అంగడి. 2020 ఆగస్టులో, కృష్ణ నిండుగా పారుతున్న రోజుల్లో, రాయచూరు వైపు వాళ్లు పదమూడు మంది ఈ ఒడ్డుకు వచ్చి నిత్యావసర సరుకులు కొనుక్కుని పుట్టిలో తిరుగుప్రయాణమయ్యారు. నడి నదిలో పుట్టి బోల్తాపడింది. తొమ్మిది మంది బయటపడ్డారు. నలుగురు గల్లంతయ్యారు. మూటల్లో ఉన్నవి ఏ ఇంట్లోనైనా నెల మొదట్లో కొనే సామాన్లే.

దిగువన నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ దగ్గర, శ్రీశైలం జలాశయం వెనుక నీళ్లలో, 2007 జనవరి 18న జరిగిన పడవ ప్రమాదం ఇంకా పెద్దది. కర్నూలు వైపు నెహ్రూనగర్‌కూ ఇటు మంచాలకట్టకూ మధ్య పడవ మునిగి 61 మంది చనిపోయారు. సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతర రోజులవి. సంక్రాంతి వేళ జరిగే ఆ జాతరకు మొక్కు ఒక్కటే కారణం కాదు. ఇంటికి కావాల్సిన వస్తువులు కొనుక్కోవడానికీ రెండు జిల్లాల జనం కదిలి వస్తారు. నీళ్లు లేనప్పుడు పక్కూళ్లలా మెలిగినవాళ్లకు, శ్రీశైలం జలాశయం నిండాక నడుమ నది పరుచుకుంది. బంధుత్వాలు అటూ ఇటూ మిగిలాయి, అంగడి ఒక వైపే మిగిలింది.

మంచాలకట్టలోని మాధవస్వామి గుడిని మునకకు ముందే రాయి రాయి విప్పి కొల్లాపూర్‌కు తరలించి మళ్లీ నిలబెట్టారు. ఆ గుడి చూసినప్పుడల్లా నాకు వచ్చే ఆలోచన ఒకటే. శిల్పాల మీద చూపిన ఆ శ్రద్ధలో కొంతైనా పడవ రేవుల మీద చూపి ఉంటే? ఎంత బరువు ఎక్కించాలి, ఎవరు చూడాలి, లైఫ్ జాకెట్లు ఎన్ని ఉండాలి అన్న సంగతులు ప్రమాదం తర్వాత నాలుగు రోజులు వార్తల్లో నలిగి, ఆ తర్వాత రేవులో మళ్లీ పడవ నడిపేవాడి కంటి అంచనాకే మిగిలిపోతాయి.

కొల్లాపూర్ దగ్గరి సోమశిల నుంచి అవతలి సిద్ధేశ్వరం ఒడ్డుకు తీగల వంతెన 2022 అక్టోబరులో మంజూరైంది. కల్వకుర్తి నుంచి నంద్యాల వెళ్లే 167కె జాతీయ రహదారి మీద, దాదాపు 1,082 కోట్ల రూపాయల అంచనాతో. అదే చోట వంతెనతో పాటు అలుగు కూడా కట్టాలని రాయలసీమ రైతులు అడుగుతున్నారు. ఆ వాదన తేలేసరికి ఎన్ని వానాకాలాలు గడుస్తాయో గానీ, వంతెన అవసరమన్నది రెండు ఒడ్డుల వాళ్లూ కాదనని మాట. గుర్రంగడ్డ కూడా తన వంతెన కోసం ఏళ్లుగా అడుగుతూనే ఉంది.

పాతర, గుమ్మి, డబ్బా

కృష్ణ, తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, అలంపూర్ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. బీచుపల్లి దగ్గర వంతెన రాక ముందు ఇక్కడివాళ్లకు హైదరాబాద్ వైపు వెళ్లడమంటే నది దాటడమే. నిలవ చేసుకోవడం ఈ నేల మనుషులకు ఒంటబట్టిన పని. జొన్న పండిన ఏడు పాతర తీసేవాళ్లు. నేలలో గొయ్యి తవ్వి, చుట్టూ అడుగునా జొన్నచొప్ప దట్టంగా పరచి, జొన్నలు పోసి, పైన మళ్లీ చొప్ప వేసి, మట్టితో పూడ్చేవాళ్లు. గాలి, పురుగు చొరకుండా ఏళ్ల తరబడి గింజ నిలిచేది. పాతర తెరిచిన రోజు ఎవరూ వెంటనే లోపలికి దిగేవాళ్లు కాదు. లోపల ఊపిరాడని గాలి నిండి ఉంటుంది. తాడుకు దీపం కట్టి దింపి, అది ఆరకుండా వెలిగితేనే మనిషి దిగేవాడు.

నది దగ్గరి చెమ్మ నేలల్లో పాతర పనికిరాదు. అక్కడ ఇంట్లోనే వెదురు గుమ్ములు, మట్టి గరిసెలు ఉండేవి. పెద్ద కాగుల్లో పప్పులు, వేపాకు కలిపి. ఉట్టి మీద నెయ్యి, జాడీల్లో చింతపండు, గుర్రపు బండిలో వచ్చిన ఉప్పు బస్తా. ఇంటి పంట ఇంట్లో ఉన్నన్నాళ్లు వరద ఎంత పెద్దదైనా తిండికి భయం తక్కువ. జొన్న రొట్టె, పల్లీల పొడి, పచ్చి పులుసు ఉంటే ఏ ఒడ్డుకూ పోకుండా పది రోజులు గడిచేవి.

ఇప్పుడు గుమ్మి ఉన్న ఇల్లు అరుదు. పంట కల్లం నుంచే అమ్మకానికి పోతుంది. తిండి గింజ అంగడి నుంచి, డిపో నుంచి తిరిగి ఇంటికి వస్తుంది. వరి పండించే ఊరికే బియ్యం పడవలో వస్తున్నాయి. ఇందులో రైతును తప్పుపట్టడానికేం లేదు. అప్పు తీరాలంటే వడ్లు వెంటనే అమ్మాలి. ఇంట్లో దాచుకోవడానికి స్థోమత కావాలి. కానీ దాని ఫలితం ఇది: గడ్డ మీది వంటింట్లో మునుపటి కన్నా నిలవ తగ్గింది, నది మీద ఆధారం పెరిగింది.

మూడు నెలల బియ్యం

2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం పంపిణీ మొదలైంది. మనిషికి నెలకు 6 కిలోలు. ఆ జూన్‌లో వానాకాలం దృష్ట్యా జూన్, జూలై, ఆగస్టు నెలల కోటా ఒకేసారి ఇచ్చారు. నలుగురున్న ఇంటికి 72 కిలోలు. నగరంలో చాలామంది డిపోల ముందు బారులు తీరడం గురించే మాట్లాడుకున్నారు. గడ్డల మీది మనుషులకు మాత్రం ఇది ఎన్నాళ్లనుంచో కావాల్సిన ఏర్పాటు. గేట్లు ఎత్తక ముందే బియ్యం ఇంట్లో ఉంటే సగం దిగులు తీరుతుంది.

అయితే 72 కిలోలంటే ఒక బస్తాకు మించి. ఊళ్లో యాభై ఇళ్లకు ఇస్తే మూడున్నర టన్నులు దాటుతుంది. డిపో ఏ ఒడ్డున ఉన్నా ఆ బరువు నది దాటాల్సిందే. దాటించేది ఎవరు? లబ్ధిదారుడే తలమీద పెట్టుకుని తీసుకుపోతే ఉచిత బియ్యంలో పడవ కూలీ, ఒక రోజు కూలీ నష్టం చేరతాయి. లారీ కిరాయి గోదాం నుంచి డిపో వరకు ప్రభుత్వమే భరిస్తోంది కదా, ఆ దారిలో పడవ మజిలీ ఉంటే అదీ అందులో భాగమే కావాలి. జూన్ మొదటి వారంలో, నీళ్లు తక్కువగా ఉండగా, మరబోటుతో ఒక్కసారిగా దాటించి ఊళ్లో దించితే అయ్యే ఖర్చు ఎంత? వరదలో విపత్తు దళాలను, హెలికాప్టర్‌ను పిలిపించే ఖర్చు పక్కన అది లెక్కలోకి కూడా రాదు.

బియ్యంతో పనైపోదు. సిలిండర్లు, పాలపొడి, అంగన్‌వాడీ సరుకు, క్లోరిన్ గోళీలు, పాముకాటుకూ జ్వరానికీ ఇచ్చే మందులు, నెలలు నిండిన గర్భిణుల పేర్లు, పశువులకు దాణా. బడి గదో పంచాయతీ గదో, ఎత్తు మీద చెమ్మ తగలని ఒక గది చాలు. మహిళా సంఘం చేతిలో తాళం పెట్టి, నూనె, పప్పు, సబ్బు, బ్యాటరీ, కొవ్వొత్తులు మూడు వారాలకు సరిపడా నింపి, గద్వాల ధరకే అమ్మితే అదే గుర్రంగడ్డకు గిడ్డంగి దుకాణం. దాటించిన ఖర్చు ధరలో కలపకూడదు, అదొక్కటే షరతు. మౌయిలో ఓడ ఖర్చు జనం మీద వేసి వందేళ్లుగా ఏం జరుగుతోందో చూస్తూనే ఉన్నాం.

2009 అక్టోబరు మొదటి వారంలో కృష్ణా తుంగభద్రలు ఒకేసారి పొంగి అలంపూర్, కర్నూలు మునిగినప్పుడు నడిగడ్డలో ఎందరో ఇంట్లో ఉన్న గింజలు తడిసి ఆకలితో ఉన్నారు. నిలవ చేసే గది ఎంత ఎత్తున ఉండాలో చెప్పడానికి ఆ వరద గీతలే చాలు. ఇంజనీర్లు కొత్తగా కొలవాల్సిన పని లేదు.

మినీ మాల్దీవుల బాటలో

ఇక సెలవుల సంగతి. కొల్లాపూర్ దగ్గరి సోమశిలకు ఈమధ్య మినీ మాల్దీవులు అన్న పేరు వచ్చింది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు నల్లమల కొండల నడుమ నీళ్లు పరుచుకుని, కొండ కొనలు దీవుల్లా తేలతాయి. హైదరాబాద్ నుంచి జడ్చర్ల, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా నాలుగు గంటల దారి. లలితా సోమేశ్వరుల దర్శనం, బోటు షికారు, గట్టు మీద గుడారాల్లో రాత్రి బస, పర్యాటక శాఖ బోటులో శ్రీశైలం దాకా రోజంతా ప్రయాణం. చూడాల్సిన చోటు, సందేహం లేదు. కార్తీకంలో వానలు వెనకబట్టి నీళ్లు ఇంకా నిండుగా ఉన్నప్పుడు సాయంత్రం వెలుగులో ఆ కొండలను చూసినవాళ్లు మళ్లీ వస్తారు.

వాళ్లు వచ్చే కార్ల డిక్కీలు చూస్తే శుక్రవారం రాత్రే నగరంలో సరుకు నింపుకొచ్చినట్టు తెలుస్తుంది. నీళ్ల సీసాల పెట్టెలు, చిప్స్, బిస్కెట్లు, మసాలా పట్టించిన చికెన్ డబ్బాలు, బొగ్గు, కాగితం పళ్లాలు, థర్మోకోల్ పెట్టెలో ఐసు. మౌయికి వెళ్లేవాళ్లు దీవిలో దిగాక కొంటారు, కనీసం ఆ దుకాణంలో పనిచేసే స్థానికుడికి జీతమైనా ముడుతుంది. సోమశిలకు వచ్చేవాళ్లలో చాలామంది 180 కిలోమీటర్ల అవతలే అంతా కొని తెచ్చుకుంటారు. ఇక్కడ మిగిలేది ఖాళీ సీసాలు, పళ్లాలు. అవి నీళ్లలో తేలుతూ మత్స్యకారుల వలల్లో చిక్కుతాయి.

కొల్లాపూర్‌లో ఏం దొరకదని? మామిడికి పేరుపడ్డ ఊరది, ఎండాకాలంలో తోటల దగ్గరే బంగినపల్లి కాయలు తీసుకోవచ్చు. పాలమూరు నేల మీద పల్లీలకు లోటు లేదు. గానుగ నూనె, జొన్న పిండి, జొన్న రొట్టెలు చేసిపెట్టే చేతులు ఉన్నాయి. సోమశిల రేవు దగ్గర చేపలు వేయించి అమ్మే బండ్లు ఎటూ ఉన్నాయి, పొద్దున వలలో పడిన చేప మధ్యాహ్నానికి పెనం మీద ఉంటుంది. వనపర్తి మీదుగా వచ్చేవాళ్లు శనివారమైతే పెబ్బేరు సంతలో ఆగి కూరగాయలు తీసుకోవచ్చు. అయిదు లీటర్ల నీళ్ల క్యాను ఇంటి నుంచి తెచ్చుకుని ఇక్కడ నింపుకుంటే పెట్టెడు సీసాలు తగ్గుతాయి. దీనికి సంకల్పమేమీ అక్కర్లేదు, జాబితా రాసుకునేటప్పుడు సగం పేర్లకు ఎదురుగా కొల్లాపూర్ అని రాసుకుంటే చాలు.

2024 చివర్లో కేంద్రం, పెట్టుబడి కోసం రాష్ట్రాలకు ఇచ్చే యాభై ఏళ్ల వడ్డీలేని రుణ పథకం కింద సోమశిల దగ్గర ఆరోగ్య, ఆధ్యాత్మిక విడిది కేంద్రానికి 68.10 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అది పూర్తయితే ఏడాది పొడవునా అతిథులు, రోజూ వందల భోజనాలు. ఆ వంటశాలకు ఉల్లిగడ్డ, పల్లీనూనె, జొన్నలు, చేపలు, మామిడి ఎక్కడి నుంచి రావాలన్నది ఇప్పుడే రాసుకోవాల్సిన విషయం. హైదరాబాద్‌లోని పెద్ద సరఫరాదారుకు ఒక్క సంతకంతో కాంట్రాక్టు ఇవ్వడం అధికారులకు సులువు. కొల్లాపూర్ మహిళా సంఘాలతో, మత్స్యకారుల సంఘాలతో, మంచాలకట్ట, సోమశిల రైతులతో వారం వారం కొనుగోలు ఒప్పందం పెట్టుకోవడం కొంచెం శ్రమ. ఆ శ్రమ టెండరు పత్రంలోనే షరతుగా ఉండాలి, కనీసం సగం సరుకు ఈ మండలాల నుంచే అని. అదే పత్రంలో అతిథుల బోట్లకు వర్తించే నియమాలన్నీ, అంటే లైఫ్ జాకెట్లు, ఎక్కేవాళ్ల లెక్క, బరువు హద్దు, గాలి పెరిగితే ప్రయాణం ఆపే అధికారం, పక్క రేవులో సంచులతో ఎక్కే పల్లె జనం పడవలకూ వర్తించాలి. రెండు పడవలూ తేలేది ఒకే నీళ్ల మీద. జాకెట్ల కొనుగోలు మాత్రం రెండింటికీ ఒకే ఆర్డర్‌లో, ఈ వానాకాలానికి ముందే జరగాలి.